సొంతంగా కామెడీ వెబ్ సిరీస్: రాత నుంచి రిలీజ్ దాకా

సొంత డబ్బుతో యూట్యూబ్ కామెడీ సిరీస్ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది "ఏ కెమెరా తీసుకోవాలి?" అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం నవ్వుతారు. మాట సరిగా వినపడకపోయినా, పంచ్ తర్వాత అర సెకను తగ్గినా నవ్వరు. అందుకని శ్రద్ధా ఓపికా ఈ వరుసలో పెట్టండి: స్క్రిప్ట్, నటులు, సౌండ్, ఎడిటింగ్, ఆ తర్వాత కెమెరా.

ఇక్కడ చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. మణికొండలో మూడంతస్తుల ఇల్లు. పైన పెంట్‌హౌస్‌లో ముగ్గురు బ్యాచిలర్లు, కింద ఓనరూ ఆయన భార్యా. ఏప్రిల్ నెల, బోరు ఎండిపోయింది, ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఐదు ఎపిసోడ్లు, ఒక్కోటి పది పన్నెండు నిమిషాలు. యూనిట్‌లో నటులతో కలిపి 14 మంది. చేతిలో ఉన్నది 4 లక్షల రూపాయలు.

ముందు గొడవ, తర్వాత జోకులు

"ముగ్గురు ఫ్రెండ్స్, వాళ్ల సరదా జీవితం" అంటే కథ కాదు. సిరీస్‌కి కావాల్సింది ప్రతి ఎపిసోడ్‌లో మళ్లీ మళ్లీ పుట్టే గొడవ. నీళ్లు అలాంటి గొడవే. బంధువులొస్తే గొడవ, వాషింగ్ మెషీన్ కొంటే గొడవ, ఎవడైనా ప్రేమలో పడి రోజుకి రెండుసార్లు స్నానం చేస్తే గొడవ. పరీక్ష సులువు: కూర్చుని గంటలో పది ఎపిసోడ్లకి ఒక్కో వాక్యం రాయండి. ఆరు దగ్గరే ఆగిపోతే ఐడియా సిరీస్‌కి చాలదు, అది ఒక స్కిట్.

ప్రతి పాత్రకీ మూడు సంగతులు తేల్చుకోండి: ఏం కావాలి, ఏం దాస్తున్నాడు, ఇబ్బందిలో పడితే ఎలా మాట్లాడతాడు. మన ఓనర్‌కి కావాల్సింది గౌరవం, పిసినారి అని ఎవరూ అనకూడదు. కానీ రాత్రి పదకొండింటికి మెట్ల మీద కూర్చుని పైనుంచి ఎన్ని బకెట్ల చప్పుడు వచ్చిందో లెక్కపెడతాడు. దొరికిపోతే కోప్పడడు, ఆరోగ్యం గురించి సలహా చెప్పడం మొదలుపెడతాడు. ఈ మూడూ కుదిరాక జోకుల కోసం వెతుక్కునే పని సగం తగ్గుతుంది, ఎందుకంటే ఏ సీన్‌లో పడేసినా ఆయన ఏం చేస్తాడో మీకు ముందే తెలుసు.

రాసేటప్పుడే లొకేషన్లు లెక్కపెట్టుకోండి. గది, వరండా, మెట్లు, టెర్రస్, మోటార్ దగ్గర, ఓనర్ హాలు: ఆరు చోట్లు, అన్నీ ఒకే ఇంట్లో. ఒక్క కాఫీ షాప్ సీన్ రాశారంటే యూనిట్ మొత్తాన్ని కదిలించాలి, అద్దె కట్టాలి, పక్క టేబుళ్ల గోల భరించాలి. ఆ సీన్ మెట్ల మీద జరిగితే కథకి నష్టమేంటో ఆలోచించండి. చాలాసార్లు ఏమీ ఉండదు.

పంచ్ ఎక్కడ పడాలి

ఒక సీన్ దగ్గరగా చూద్దాం. మనిషికి రోజుకి రెండు బకెట్లే అని ఓనర్ రూల్ పెట్టాడు. ఒకడి నాన్న ఊరినుంచి వస్తున్నాడు. మొదటి డ్రాఫ్ట్‌లో ఇలా వస్తుంది:

"రేయ్, మా నాన్న వస్తున్నాడ్రా."
"ఎన్ని రోజులు?"
"ఎన్ని బకెట్లు అని అడగాలి కానీ ఎన్ని రోజులని కాదురా ఇప్పుడు అడగాల్సింది."

విషయం నవ్వొచ్చేదే, లైన్ మాత్రం పేలదు. నవ్వు తెప్పించే మాట "బకెట్లు". దాని తర్వాత ఇంకో ఎనిమిది మాటలున్నాయి. చూసేవాడు నవ్వబోతుంటే నటుడు ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. మారిస్తే:

"మా నాన్న వస్తున్నాడ్రా."
"ఎన్ని రోజులు?"
"రోజులు కాదురా అడగాల్సింది. ఎన్ని బకెట్లు."

ఇక్కడితో ఆపకండి. మూడోవాడు అప్పుడే మొహం కడుక్కోబోతున్నాడు. ఈ మాట విని, చేతిలో మగ్గులోని నీళ్లు నెమ్మదిగా మళ్లీ బకెట్లో పోసేస్తాడు. డైలాగ్ లేదు. రెండో నవ్వు దానికి వస్తుంది, చాలాసార్లు మొదటిదానికన్నా పెద్దగా. రాసిన ప్రతి పంచ్ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: నవ్వించే మాట చివర ఉందా? విన్నవాడు ఏం చేస్తున్నాడు?

స్క్రిప్ట్ మొత్తం పూర్తయ్యాక, కథ తెలియని ఐదారుగురిని కూర్చోబెట్టి చదివించండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. నవ్విన చోట టిక్, మీరు నవ్వుతారనుకుని నవ్వని చోట ఇంటూ. రాసినవాళ్లు చదవకూడదు, చదివితే పంచ్‌ని గొంతుతో కాపాడేస్తారు, లోపం కాగితం మీద అలాగే ఉండిపోతుంది. పేజీకి ఒక్క నవ్వైనా రాకపోతే ఆ పేజీ మళ్లీ రాయాలి. "షూటింగ్‌లో వర్కవుట్ అవుతుంది" అని వదిలేసిన లైన్ షూటింగ్‌లోనూ వర్కవుట్ కాదు.

యాస సంగతి. శ్రీకాకుళం మాటగానీ, కరీంనగర్ మాటగానీ, చిత్తూరు మాటగానీ ఆ ప్రాంతం నటుడు పలికితేనే నిలబడుతుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే మై విలేజ్ షో అంతమందికి చేరిందంటే అందులో జనం తమ ఊళ్లో మాట్లాడేదే మాట్లాడటం పెద్ద కారణం. రాసినవాడికి యాస రాకపోతే మామూలు తెలుగులో రాసి, నటుడికి ఇచ్చి "నువ్వైతే ఎట్లంటవ్?" అని అడగండి. యాసే జోకు అనుకుని రాస్తే మాత్రం మొదటి ఎపిసోడ్ కామెంట్లలోనే వడ్డీతో సహా వసూలవుతుంది.

వన్‌లైన్ ఆర్డర్, కాల్‌షీట్లు

కామెడీలో మాటలు వేగం, పేజీకి నిమిషం కన్నా తక్కువే పడుతుంది. పది నిమిషాల ఎపిసోడ్‌కి పదకొండు పేజీలు వేసుకోండి. ఐదింటికి 55. చిన్న యూనిట్, ఒకే కెమెరా, తక్కువ లొకేషన్లతో రోజుకి ఆరు పేజీలు తీయొచ్చు. ఎనిమిది అనుకుంటే రియాక్షన్ షాట్లన్నీ మానేయాల్సి వస్తుంది, అంటే కామెడీనే మానేసినట్టు. దాదాపు తొమ్మిది రోజులు. పదో రోజు ప్యాచ్‌వర్క్‌కి, అంటే మిగిలిపోయిన షాట్లు తీయడానికి, ముందే ఉంచుకోండి.

ఎపిసోడ్ల వరుసలో తీయకూడదు, లొకేషన్ వరుసలో తీయాలి. మెట్ల మీద సీన్లు ఏ ఎపిసోడ్‌వైనా ఒకే రోజు. ఓనర్ భార్యగా వేసేవారివి మూడు రోజుల్లో ముగించేస్తే వారి కాల్‌షీట్లు, అంటే షూటింగ్‌కి ఇవ్వాల్సిన రోజులు, తగ్గుతాయి. వన్‌లైన్ ఆర్డర్‌లో, అంటే సీన్లు తీసే వరుస రాసుకున్న పట్టికలో, ప్రతి సీన్‌కీ ఇవి ఉండాలి: సీన్ నంబరు, ఎపిసోడ్, పగలా రాత్రా, చోటు, ఎవరెవరు, ఏ బట్టలు, ఏ సామాను, ఎన్ని పేజీలు. పేజీల్ని ఎనిమిదో వంతుల్లో లెక్కేస్తే రోజువారీ పని కచ్చితంగా తేలుతుంది.

వీకెండ్లలో మాత్రమే తీసేవాళ్లు ఎక్కువ, నటులందరికీ ఉద్యోగాలుంటాయి కాబట్టి. అప్పుడు దెబ్బకొట్టేది గడ్డం. శనివారం మొదలైన సీన్ వచ్చే ఆదివారం పూర్తయితే, మధ్యలో ఆఫీస్ మీటింగ్ కోసం ఒకడు షేవ్ చేసుకొస్తాడు. సీన్‌ని రెండు వారాలకి చీల్చకండి. ప్రతి సీన్ చివర నటుణ్ని ముందునుంచి, పక్కనుంచి, చేతుల దగ్గర ఫొటో తీసి సీన్ నంబరుతో ఫోల్డర్‌లో వేయండి. వాచీ, దారం, మెడలో గొలుసు అన్నీ కంటిన్యూటీయే.

4 లక్షలు ఎలా పంచాలి

రేట్లు ఊరినిబట్టీ సీజన్‌నిబట్టీ మారతాయి, మీ దగ్గర అడిగి సరిచూసుకోండి. ఇది పదిరోజుల షూటింగ్‌కి ఒక నమూనా:

- భోజనాలు, టీలు: 50,000
- ప్రయాణాలు: 25,000
- కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె: 65,000
- సౌండ్ రికార్డిస్ట్, సామానుతో సహా: 45,000
- నటులు: 50,000
- టెక్నీషియన్లు, అసిస్టెంట్లు: 40,000
- ఇంటి అద్దె, కరెంటు: 20,000
- ఆర్ట్, బట్టలు: 10,000
- ఎడిటింగ్, మిక్సింగ్, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), డీఐ (రంగులు సరిదిద్దడం): 45,000
- హార్డ్‌డిస్కులు: 15,000
- చేతిలో ఉంచుకోవాల్సింది: 35,000

చివరి అంకె ముట్టుకోవద్దు. అది ప్యాచ్‌వర్క్‌కీ, వర్షానికీ, పగిలిన ఫిల్టర్‌కీ. భోజనం అంకె చూసి చాలామంది కోత పెడతారు. 14 మందికి రోజుకి 5,000 అంటే మనిషికి సుమారు 350 రూపాయలు, పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ మూడు టీలూ సాయంత్రం స్నాక్సూ కలిపి. ఉచితంగానో సగం బేటాకో (రోజు భత్యానికో) పనిచేస్తున్నవాళ్లకి ఒంటిగంటకల్లా వేడన్నం పెట్టలేకపోతే మూడో రోజునుంచి ఫోన్లెత్తరు.

ఫ్రెండ్స్ అయినా సరే, కాగితం రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం చేసుకుంటారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. మీ సిరీస్‌ని డాలస్‌లో, న్యూజెర్సీలో కూర్చున్న తెలుగువాళ్లూ చూస్తారు కదా. కాబట్టి రచయిత, మ్యూజిక్ చేసేవారు, ఎడిటర్, అందరి అగ్రిమెంట్లోనూ "ప్రపంచవ్యాప్తంగా", "కాపీరైట్ ఉన్నంతకాలం" అన్న మాటలు, ఏయే రూపాల్లో వాడుకోవచ్చు, ఎంత ఇస్తారు అన్నవి ఉండాలి. డబ్బు తర్వాత వస్తే పంచుకుందాం అనుకుంటే శాతం ఇప్పుడే రాయండి. హిట్టయ్యాక శాతాలు మాట్లాడుకుంటే స్నేహాలు మిగలవు.

సిరీస్‌లో చిన్నపిల్లలుంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి ఐదు గంటలకి మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకి మించి పని చేయించకూడదు. పిల్లలకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఓనర్ మనవణ్ని కథలోకి తెచ్చేముందు ఇది గుర్తుంచుకుంటే ఆ పాత్ర ఫోన్‌లో గొంతుగా మారిపోతుంది.

నటులు

ఆడిషన్‌లో డైలాగ్ చెప్పించడం ఒక్కటే చాలదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినమనండి, అది కూడా రికార్డ్ చేయండి. కామెడీలో సగం షాట్లు వినేవాళ్లవే. తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదుటివాడి పెదాలు చూసే నటుడు క్లోజప్‌లో దొరికిపోతాడు. ఇద్దరూ సమానంగా ఉంటే, రెండో టేక్‌లోనూ మొదటి టేక్ చేసినంత హాయిగా చేసినవాళ్లని తీసుకోండి. మొదటి టేక్‌లో అదరగొట్టి నాలుగో టేక్‌కి చప్పబడేవాళ్లతో రోజుకి ఆరు పేజీలు కావు.

రిహార్సల్స్ షూటింగ్ జరిగే ఇంట్లోనే పెట్టండి, కనీసం రెండు సాయంత్రాలు. ఇంప్రొవైజేషన్ అక్కడే కానివ్వండి, నచ్చినవి స్క్రిప్ట్‌లోకి ఎక్కించండి. సెట్‌లో ఇంప్రొవైజ్ చేస్తే ఒక యాంగిల్లో ఉన్న మాట ఇంకో యాంగిల్లో ఉండదు, ఎడిటర్ చేతులెత్తేస్తాడు.

కెమెరా: మన కరెంటుకి తగ్గట్టు

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లలో మామూలుగా ఉండే సెకనుకి 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకి సెకనులో అరవయ్యో వంతు వెలుగుతో) ట్యూబ్‌లైటు కింద తీస్తే గోడమీద అడ్డగీతలు పాకుతాయి, ఎడిటింగ్‌లో పోవు. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టి లాక్ చేసేయండి. 24 ఫ్రేములే కావాలంటే కూడా షట్టర్ 1/50 ఉండాలి. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు అప్పటికీ మినుకుతాయి. రెక్కీ రోజే, అంటే లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడే, పది సెకన్లు తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి, అవసరమైతే బల్బే మార్చేయండి.

ఫోన్‌తో తీస్తే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది; షట్టర్, ఐఎస్ఓ (వెలుగు పట్టే శక్తి), వైట్ బ్యాలెన్స్ (తెలుపు రంగు సర్దుబాటు) మూడూ లాక్ చేయొచ్చు. ఫోన్లలో మామూలు కెమెరా యాప్ ఫ్రేమ్ రేటుని తనంతట తాను అటూఇటూ మారుస్తుంది, దాంతో విడిగా రికార్డ్ చేసిన సౌండ్ కొద్ది నిమిషాల్లో పెదాలతో తప్పిపోతుంది. అలాంటి ఫుటేజ్ ఉంటే ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకి మార్చుకోండి.

4కేలో తీసి 1080లో రిలీజ్ చేస్తే ప్రతి షాట్‌నీ రెండింతల దాకా దగ్గరకి లాగొచ్చు. ఒక్క మిడ్ షాట్ నుంచి క్లోజప్ కూడా వస్తుంది, కామెడీకి ఇది వరం. అపర్చర్ (లెన్సు తెరుచుకునే కొలత) ఎఫ్/1.8 పెట్టి వెనకంతా మసగ్గా చేసే మోజు వదులుకోండి. నటుడు ముందుకు వంగితే ఫోకస్ పోతుంది, వెనక నిలబడి మొహం మాడ్చుకున్న ఓనర్ కనపడడు. ఎఫ్/4 దగ్గర ఉంటే ఇద్దరూ కనపడతారు. ఫ్రేము నడుము దాకా ఉండనివ్వండి, చేతులు కూడా నవ్విస్తాయి. డ్రోన్ షాట్ చూసి ఎవరూ నవ్వరు, ఆ డబ్బు మైక్ మీద పెట్టండి.

లైటింగ్‌లో ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: ఒకే రంగు వెలుగు. కిటికీ వెలుగు నీలం, పాత బల్బు పసుపు, ట్యూబ్‌లైట్ ఆకుపచ్చ. మూడూ ఒక మొహం మీద పడితే డీఐలో ఎవరూ కాపాడలేరు. గదిలో బల్బులన్నీ తీసి ఒకే రకం పెట్టండి. 150 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి తెల్లటి సీలింగ్‌కో పెద్ద థర్మాకోల్ షీటుకో కొట్టించి తిప్పితే గదంతా మెత్తటి వెలుగు, నటులు ఎటు తిరిగినా మొహం కనపడుతుంది. కామెడీలో నటుణ్ని మార్కు మీద కట్టేయకుండా తిరగనిచ్చే లైటింగే మంచి లైటింగ్.

సౌండ్

డబ్బింగ్ చెప్పేద్దాం అనుకుని సెట్‌లో సౌండ్‌ని వదిలేయడం మన దగ్గర పాత అలవాటు. కామెడీలో ఇది ఖరీదైన తప్పు. ఎదుటివాడి మొహం చూసి అప్పటికప్పుడు పుట్టిన ఆ చిన్న నత్తి, ఆ మింగుడు, డబ్బింగ్ గదిలో ఒంటరిగా నిలబడితే రావు. పైగా ఐదు ఎపిసోడ్ల డబ్బింగ్ ఖర్చు పది రోజుల రికార్డిస్ట్ ఖర్చుకి తక్కువేమీ కాదు.

బూమ్ మైక్ (పొడవాటి కర్రకి కట్టిన మైక్) నెత్తి మీదనుంచి, నోటికి ఒకటి రెండు అడుగుల్లో, ఫ్రేముకి సరిగ్గా బయట ఉండాలి. కెమెరా మీద బిగించిన మైక్ గది గోడల్ని రికార్డ్ చేస్తుంది, మాటని కాదు. వైడ్ షాట్లకి కాలర్ మైక్ తప్పదు. పట్టుచీర, నైలాన్ చొక్కా గరగరలాడతాయి. మంగళసూత్రం తగిలిందంటే ప్రతి కదలికకీ టిక్కుమంటుంది. మైక్‌ని గొలుసు తగలని చోట, బట్టకి రెండువైపులా టేపు వేసి కదలకుండా అంటించండి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాట సగటున మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేట్టు పెట్టుకోండి. ఓనర్ అరుస్తాడని తెలుసు కదా, రికార్డర్‌లో అదే మైక్‌ని 10 డెసిబెల్స్ తక్కువతో ఇంకో ట్రాక్‌లో కూడా పెట్టండి. పగిలిన అరుపు అతకదు.

రోల్ చేసేముందు ఫ్యాన్, ఫ్రిజ్, ఏసీ, మోటార్ ఆపేయాలి. ఫ్రిజ్ మళ్లీ వేయడం అందరూ మర్చిపోతారు, అందుకే కారు తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టడం సెట్లలో పాత కిటుకు. ఏప్రిల్‌లో ఫ్యాన్ లేకుండా మూడు నిమిషాలకి మించి నటులు నిలబడలేరు. టేకుకీ టేకుకీ మధ్య ఫ్యాన్ వేసి, తువ్వాలుతో అద్ది, మళ్లీ ఆపండి. రెక్కీకి ఆదివారం మధ్యాహ్నం వెళ్లి "ప్రశాంతంగా ఉంది" అనుకోకండి. షూటింగ్ జరిగే వారం, అదే వేళకి వెళ్లి వినండి: చెత్తబండి పాట ఎన్నింటికి, కూరగాయల ఆటో మైకు ఎన్నింటికి, పక్కింటి కుక్కర్ ఎన్నింటికి. వాటి ప్రకారం మాటల్లేని షాట్లు ఆ వేళలకి వేసుకోండి.

సీన్ అయ్యాక రెండు పనులు. ఒకటి, అందరూ కదలకుండా 30 సెకన్లు గది నిశ్శబ్దం రికార్డ్ చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు దానితోనే పూడుస్తారు, లేకపోతే ప్రతి కట్‌కీ వెనక చప్పుడు మారుతుంది. రెండు, ఆ సీన్‌లో ముఖ్యమైన పంచ్ లైన్లు కెమెరా లేకుండా, మైక్ దగ్గరగా, మూడు రకాలుగా చెప్పించండి. ఒక్కోసారి సిరీస్‌ని ఇవే కాపాడతాయి.

సెట్‌లో ఒక సీన్ తీసే వరుస

ముందు మాస్టర్ షాట్, సీన్ మొత్తం. తర్వాత ఎవరి మొహం మీద నవ్వు పుడుతుందో వాళ్ల క్లోజప్, వాళ్లు తాజాగా ఉండగానే. చివరికి మిగిలినవాళ్లవి. ప్రతి క్లోజప్‌లోనూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడకూడదు. మాస్టర్‌లో మీద పడితే పర్లేదు, క్లోజప్‌లో పడితే ఎడిటర్ విడదీయలేడు. ఓవర్‌లాప్ కావాలంటే ఎడిటింగ్‌లో చేసుకోవచ్చు.

కట్ వెంటనే చెప్పకండి. డైలాగ్ అయ్యాక నాలుగైదు సెకన్లు కెమెరా తిరగనివ్వండి. నటులు పాత్రలోనే ఉండి ఏం చేయాలో తెలియక చూసే చూపులు బంగారం. యూనిట్‌లో ఎవరైనా నవ్వుతారని భయముంటే వాళ్లని గది బయట కూర్చోబెట్టండి. యూనిట్ పగలబడి నవ్విన టేకే బెస్ట్ టేక్ అనుకోవడమూ పొరపాటే, వాళ్లు నవ్వింది నటుడు మర్చిపోయినందుకేమో.

సాయంత్రం డేటా. సెకనుకి 100 మెగాబిట్ల 4కే ఫుటేజ్ గంటకి దాదాపు 45 జీబీ. రోజుకి రెండున్నర గంటలు తీస్తే 112 జీబీ, పది రోజులకి సుమారు 1.1 టీబీ. 2 టీబీ డిస్కులు రెండు కొనండి, రెండింటిలోనూ కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. రెండు డిస్కులూ ఒకే సంచిలో ఒకే బైక్ మీద వెళ్లకూడదు.

ఎడిటింగ్

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు, అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఆగిపోతుంటే ప్రాక్సీలు, అంటే ఫుటేజ్‌కి చిన్న సైజు కాపీలు, చేసుకోండి.

మొదటి కట్‌లో జోకులు చూడకండి, కథ అర్థమవుతోందా చూడండి. రెండో కట్‌లో టైమింగ్. నవ్వుల ట్రాక్ లేని సిరీస్‌లో, పంచ్ పడ్డాక ప్రేక్షకుడికి ఎనిమిది నుంచి పన్నెండు ఫ్రేములు ఇవ్వాలి, అంటే 25 ఫ్రేముల లెక్కన మూడో వంతు నుంచి అర సెకను. ఆ ఖాళీలో మాట్లాడినవాడి మొహం కాదు, విన్నవాడి మొహం ఉండాలి. మన సీన్‌లో "ఎన్ని బకెట్లు" దగ్గర కట్ చేసి మగ్గు పట్టుకున్నవాడి మీదకి రండి. నీళ్లు బకెట్లో పడే చప్పుడు పూర్తిగా విననివ్వండి, దానిమీద మ్యూజిక్ వేయకండి. "టొయ్యింగ్" లాంటి సౌండ్ ఎఫెక్టులు ఎపిసోడ్‌కి ఒకటి రెండు దాటితే మీ జోకు మీద మీకే నమ్మకం లేనట్టు వినిపిస్తుంది.

పన్నెండు నిమిషాల కట్ వచ్చాక, ఏ సీన్ తీసేసినా కథ తెగదో చూసి తీసేయండి. పది నిమిషాలకి రావాలి. ఎనిమిది నిమిషాలకి తగ్గకుండా చూసుకోండి, అంతకన్నా పొడవుంటేనే యూట్యూబ్‌లో మధ్య యాడ్స్ పెట్టుకునే వీలుంటుంది. మొదట లోగోలూ కృతజ్ఞతలూ వద్దు. 40, 50 సెకన్ల సీన్, అందులో ఒక నవ్వు, తర్వాత ఐదు సెకన్ల టైటిల్.

మిక్సింగ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం సౌండ్ ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా. యూట్యూబ్ అంతకన్నా గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, తక్కువున్నదాన్ని పెంచదు. చివరి చెకింగ్ స్టూడియో స్పీకర్లలో కాదు, ఫోన్ స్పీకర్‌లో, ఫ్యాన్ కింద.

పాటల జోలికి

"పది సెకన్లలోపైతే పర్లేదు" అనే రూల్ ఎక్కడా లేదు. వెనక టీవీలో వస్తున్న సినిమా పాట, పక్కింటి పెళ్లి డీజే, హీరో ఈలవేసిన ట్యూన్, వీటన్నిటినీ కంటెంట్ ఐడీ, అంటే కాపీరైట్ ఉన్నవాటిని వెతికే యూట్యూబ్ వ్యవస్థ, పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఆ ఎపిసోడ్ ఆదాయం లేబుల్‌కి పోవచ్చు. ఇలా ఆదాయం అడిగే క్లెయిమ్ వేరు, హక్కుదారు ఫిర్యాదుతో వీడియోనే తీసేసే స్ట్రైక్ వేరు: 90 రోజుల్లో మూడు స్ట్రైకులొస్తే ఛానలే పోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ వాడండి, లేదా ఒక టైటిల్ ట్యూన్, రెండు మూడు చిన్న మ్యూజిక్ బిట్లు సొంతంగా చేయించుకుని అవే ఐదు ఎపిసోడ్లకీ తిప్పండి. అలా తిప్పితేనే అది సిరీస్ గుర్తుగా కూడా నిలుస్తుంది.

రిలీజ్

ఐదింటిలో కనీసం మూడు పూర్తిగా సిద్ధమయ్యేదాకా మొదటిది వదలకండి. వారానికొకటి, ఒకే రోజు, ఒకే వేళ. ఎపిసోడ్‌ని రెండు మూడు రోజుల ముందే ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేస్తే కాపీరైట్ చెక్ ముందే తేలుతుంది, హెచ్‌డీ ప్రాసెసింగూ అయిపోతుంది. 1080 ఎక్స్‌పోర్ట్‌కి యూట్యూబ్ సూచించే బిట్‌రేటు సెకనుకి 8 మెగాబిట్లు; 4కేలో ఎక్కిస్తే 35 నుంచి 45.

టైటిల్‌లో సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు, ఆ ఎపిసోడ్ గొడవ ఉండాలి. థంబ్‌నెయిల్ 1280×720, రెండు మొహాలు, మూడు మాటలకి మించకుండా. చివరి 20 సెకన్లలో ఎండ్ స్క్రీన్ పెట్టి తర్వాతి ఎపిసోడ్‌కి లింక్ ఇవ్వాలంటే ఆ చోటు ఎడిటింగ్‌లోనే వదిలిపెట్టాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేరే ఫైలుగా ఎక్కించండి, విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలు వాటివల్లే చివరిదాకా చూస్తారు. సబ్‌టైటిల్ పంచ్ కన్నా ముందు తెరమీద పడితే నవ్వు పోతుంది. అలాంటి లైన్లని రెండుగా విడగొట్టండి.

షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా ఉండొచ్చు, 2024 అక్టోబరు 15 నుంచి. అయినా 40 సెకన్ల నిలువు ముక్క, దాని కింద అసలు ఎపిసోడ్ లింక్, ఎపిసోడ్‌కి మూడు చొప్పున చాలు. షార్ట్‌లో బెస్ట్ పంచ్ ఇచ్చేయకండి, దానికి దారితీసేది ఇవ్వండి.

రిలీజయ్యాక వ్యూస్ కన్నా రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణం దాకా ఎంతమంది చూశారో చెప్పేది) చూడండి. మొదటి 30 సెకన్లలో నిట్టనిలువుగా పడితే థంబ్‌నెయిల్ చెప్పింది ఒకటి, సీన్ చూపించింది ఇంకొకటి. మధ్యలో ఒకచోట పడితే అక్కడ ఏ సీనుందో చూడండి, తర్వాతి ఎపిసోడ్‌లో అలాంటి సీన్ కోయండి. గ్రాఫ్ పైకి లేచిన చోట జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూశారు. రెండో సీజన్ అక్కడినుంచి రాయాలి.

డబ్బు

పూర్తి యాడ్ ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల చూపు ఉండాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. మామూలు వీడియోల యాడ్స్‌లో 55 శాతం మీకు, షార్ట్స్‌లో 45 శాతం. యాడ్స్ డబ్బు చేరే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు చేరాకే బ్యాంకుకి వస్తాయి. పన్ను ఫారం నింపడం మర్చిపోకండి: నింపకపోతే ప్రపంచవ్యాప్త ఆదాయం మీద 24 శాతం దాకా కోస్తారు, నింపి భారత్, అమెరికా ఒప్పందాన్ని చూపిస్తే అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన దానిమీద 15 శాతమే.

కొత్త ఛానల్‌కి యాడ్స్‌తో 4 లక్షలు తిరిగిరావడం కష్టం. బ్రాండ్ వస్తే వాటర్ ప్యూరిఫయరో, ఫుడ్ డెలివరీ యాప్‌నో కథలో గొడవగా పెట్టండి, పొగడ్తగా కాదు. అప్‌లోడ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేసి, వీడియోలోనూ ప్రకటన అని కనపడేట్టు రాయాలి.

ఓటీటీకి అమ్మే ఆశ ఉంటే రెండు సంగతులు ఇప్పుడే చూసుకోండి. సిగరెట్ షాట్ ఉంటే 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీల్లో పొగాకు హెచ్చరికలు మొదట్లో, మధ్యలో, ఆ సీన్ నడిచేంతసేపూ వేయాలి. మన బ్యాచిలర్ల చేతికి టీ గ్లాసు ఇస్తే ఆ తలనొప్పే ఉండదు. ఇక మిక్సింగ్ రోజునే మాటలు, మ్యూజిక్, ఎఫెక్టులు మూడు వేర్వేరు ట్రాకులుగా, తెరమీద అక్షరాలేవీ లేని మాస్టర్ ఒకటి విడిగా తీసుకుని రెండు డిస్కుల్లోనూ వేయించండి. ఇంకో భాషలోకి డబ్ చేయాలన్నా అవే అడుగుతారు. ఆరు నెలల తర్వాత వెళితే సౌండ్ ఇంజినీర్ ఆ ప్రాజెక్ట్ ఫైల్ ఎప్పుడో డిలీట్ చేసేసి ఉంటాడు.